నాలుగు .22 రైఫిళ్లు, 200 రౌండ్లు, ఒక్క పూట: ఏది తేలుతుంది, ఏది తేలదు?

పది_పాయింట్_తొమ్మిది
క్లబ్‌లో వచ్చే ఆదివారం నాలుగు .22 రైఫిళ్లు వరసగా కొట్టి చూసే వీలుంది. అన్షుట్జ్ 1903, అన్షుట్జ్ 1913, వాల్తర్ కేకే300, సీజెడ్ 457 ఎంటీఆర్. 50 మీటర్ల లేన్, ఎలక్ట్రానిక్ టార్గెట్. రౌండ్లు మొత్తం 200: ఎస్‌కే స్టాండర్డ్ ప్లస్ వంద, ఎలీ టీమ్ వంద. ఇప్పటిదాకా నాది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ మాత్రమే, ఇక త్రీ పొజిషన్ (మోకాలి మీద, పడుకుని, నిలబడి కొట్టే పోటీ) వైపు వెళ్లాలని, దానికో రైఫిల్ ఎంచుకోవాలని ఉంది. కుడిచేతివాటం, ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. రైఫిల్‌కు 50 చొప్పున కొట్టి, గ్రూప్ (టార్గెట్ మీద రంధ్రాలు పరుచుకున్న మేర) ఏది చిన్నగా వస్తే అదే మంచి రైఫిల్ అనుకోవచ్చా?

గాలిజెండా
అనుకోకూడదండి. ఆ గ్రూపులో రైఫిల్ ఉంది, తూటా ఉంది, గాలి ఉంది, మీరూ ఉన్నారు. ఎవరి వాటా ఎంతో ఒక్క పూటలో విడదీయలేం. ముందు మీ లెక్కే చూడండి. నాలుగు రైఫిళ్లు, రెండు రకాల తూటాలు అంటే ఎనిమిది జోడీలు, జోడీకి 25 రౌండ్లు. తూటా రకం మార్చిన ప్రతిసారీ బారెల్ లోపల పాత తూటా వదిలిన మైనం పొర మీద కొత్తది నడుస్తుంది. కొత్త మైనం పరుచుకునేదాకా, అంటే కనీసం మొదటి 10 రౌండ్లు, లెక్కలోకి తీసుకోకూడదు. ఇక మిగిలింది 15. ఆ పదిహేనుతో రైఫిల్‌కు తీర్పు చెప్పలేం.

రైఫిళ్లను పోల్చేటప్పుడు ఒకటే తూటా వాడండి. రెండో రకాన్ని చివరిదాకా ముట్టుకోవద్దు.

బోల్ట్_తీసి_చూడు
అసలు కొట్టకముందే ఒకటి తీసేయొచ్చు. సీజెడ్ 457 ఎంటీఆర్ మంచి రైఫిలే. బోల్ట్ (రౌండ్‌ను లోపలికి నెట్టి మూసే కడ్డీ) 60 డిగ్రీలే తిరుగుతుంది, ఛాంబర్ (రౌండ్ కూర్చునే గూడు) బిగువుగా ఉంటుంది, ఆ ధరకు దాని గ్రూప్ చూస్తే ముచ్చటేస్తుంది. కానీ అది సైట్లు లేకుండా స్కోప్ కోసం చేసింది. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) 50 మీటర్ల రైఫిల్‌లో స్కోప్ చెల్లదు, చిన్న రంధ్రంలోంచి గురిచూసే అపెర్చర్ సైట్లే. పైగా త్రీ పొజిషన్‌లో మోకాలి మీద కూర్చున్నప్పుడు ఒక సెట్టింగ్, పడుకున్నప్పుడు ఒకటి, నిలబడ్డప్పుడు ఒకటి కావాలి. బట్ ప్లేట్ (భుజానికి ఆనే పలక), చీక్‌పీస్ (చెంప ఆనే దిమ్మ) కదలని రైఫిల్‌తో ఆ ఆట కష్టం. అప్పుడు వంద ఎస్‌కే రౌండ్లు మూడింటికి 33 చొప్పున వస్తాయి: 10 అలవాటుకు, రెండు పది-రౌండ్ల గ్రూపులు, మిగిలిన మూడు సైట్ సర్దుకోవడానికి.

పాత_ఎన్‌సీసీ
పది రౌండ్ల గ్రూపులు ఎందుకు బ్రదర్? క్యాంపుల్లో .22 డీలక్స్‌తో 25 గజాల మీద ఐదు రౌండ్ల గ్రూప్ చూసే మార్కులు వేసేవాళ్లు. ఐదు సరిపోదా?

గాలిజెండా
అక్కడ చూసేది క్యాడెట్‌ను అండి, రైఫిల్‌ను కాదు. ఐదు రౌండ్ల గ్రూప్‌ను బయటి రెండు రంధ్రాల మధ్య దూరంతో కొలుస్తాం. అంటే ఐదింట్లో మూడు రౌండ్లు చెప్పేది మనం వినడమే లేదు. ఒకే రైఫిల్, ఒకే పెట్టెలోని తూటాలతో వరసగా నాలుగు ఐదేసి గ్రూపులు కొడితే ఒకటి ఇంకోదానికి సగమే ఉండటం మామూలు. ఆ చిన్నదాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టుకుంటాం, మిగతా మూడూ మరిచిపోతాం. పది రౌండ్లయితే ఈ మోసం కొంత తగ్గుతుంది.

ఎలక్ట్రానిక్ టార్గెట్ ఉంది కాబట్టి ఇంకో మంచి దారి ఉంది. ప్రతి రౌండ్ స్థానం అది చూపిస్తుంది. గ్రూప్ మధ్య బిందువు నుంచి ప్రతి రౌండ్ ఎంత దూరంలో పడిందో సగటు తీయండి. అప్పుడు పది రౌండ్లూ మాట్లాడతాయి, ఒక్క చెడ్డ షాట్ మొత్తాన్ని పాడుచేయదు.

ఎంత గ్రూప్ అయితే చాలు అన్నదానికి కూడా లెక్క ఉంది. 50 మీటర్ల టార్గెట్‌లో పది రింగ్ వ్యాసం 10.4 మి.మీ. తూటా వ్యాసం 5.6. తూటా అంచు రింగును తాకితే చాలు, పది వస్తుంది. అంటే రంధ్రం కేంద్రం టార్గెట్ కేంద్రానికి 8 మి.మీ. లోపల పడాలి. కాబట్టి కేంద్రం నుంచి కేంద్రానికి 16 మి.మీ. గ్రూప్, సరిగ్గా మధ్యలో కూర్చుంటే, అన్నీ పదులే. కాగితం మీద కొలిచేవాళ్లు బయటి అంచుల దూరంలోంచి 5.6 తీసేస్తారు. కాగితం కాస్త ముడుచుకుని రంధ్రం అంతకన్నా చిన్నగా కనిపిస్తుంది కాబట్టి, ఒంటరిగా పడ్డ ఒక రంధ్రాన్ని కొలిచి ఆ అంకె తీసేయడం నయం.

బోల్ట్_తీసి_చూడు
రౌండ్ పెట్టకముందు చేయాల్సినవి రాస్తున్నా. పావుగంట పట్టదు.

బోల్ట్ బయటికి తీసి, ఛాంబర్ ఖాళీ అని కంటితో చూసి, బారెల్‌లో వెలుతురు కనిపిస్తోందో లేదో చూడండి. ఛాంబర్ నోటి అంచు మీద, ఫైరింగ్ పిన్ దిగే చోట, నొక్కు ఉందా? .22 లాంటి రిమ్‌ఫైర్‌లో పేలే మందు గుల్ల అడుగు అంచులోనే ఉంటుంది, కాబట్టి పిన్ ఆ అంచునే కొడుతుంది. ఖాళీ ఛాంబర్ మీద ఎడాపెడా ట్రిగ్గర్ నొక్కిన రైఫిళ్లలో ఆ పిన్ ఛాంబర్ అంచును సొట్ట చేస్తుంది. ఆ తర్వాత గుల్ల సరిగా కూర్చోదు, సరిగా బయటికీ రాదు. క్లబ్ రైఫిళ్లలో ఈ జబ్బు ఎక్కువ.

తర్వాత బెడ్డింగ్, అంటే స్టాక్ (పట్టుకునే దిమ్మ)లో యాక్షన్ (బోల్ట్ నడిచే లోహపు భాగం) కూర్చున్న తీరు. స్టాక్‌కూ యాక్షన్‌కూ కలిసే చోట వేలు పెట్టి ముందు స్క్రూ నెమ్మదిగా వదులు చేయండి. వేలికి కదలిక తగిలితే స్టాక్ యాక్షన్‌ను వంచి పట్టుకుని ఉందన్నమాట. అది క్లబ్ ఆర్మరర్ చూసుకోవాల్సిన పని, మీరు సరిచేయకండి. మళ్లీ బిగించేటప్పుడు టార్క్ రెంచ్‌తో, కంపెనీ చెప్పిన అంకెకే. ఇంచుమించు 4 నుంచి 6 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. చేతి అంచనాతో బిగిస్తే ముందు, వెనక స్క్రూలు రెండు రకాలుగా పడి గ్రూప్ రెండు ముక్కలవుతుంది. అందరూ తూటాను తిడతారు.

ఇక ట్రిగ్గర్. ఖాళీ రైఫిల్‌ను కాక్ చేసి బట్‌ను మ్యాట్ మీద కాస్త గట్టిగా తట్టండి. బోల్ట్‌ను కూడా ఒకసారి విసురుగా మూయండి. ఎప్పుడైనా పిన్ దానంతట అదే పడిపోతే ఆ రైఫిల్ ఆ రోజుకి పక్కన పెట్టేయాలి, ఎంత మంచి గ్రూప్ ఇచ్చేదైనా సరే. 50 మీటర్ల రైఫిల్‌కు ట్రిగ్గర్ బరువులో కనీస పరిమితి లేదు కాబట్టి కొందరు మరీ పల్చగా పెట్టేస్తారు.

ట్రిగ్గర్_ట్రిగ్గర్
పల్చదనం గురించి ఒక మాట. ఎయిర్ రైఫిల్ నుంచి వచ్చేవాళ్లు టూ స్టేజ్‌కు, అంటే రెండు దశల్లో నొక్కే ట్రిగ్గర్‌కు, అలవాటు పడి ఉంటారు. మొదటి స్టేజ్‌లో మొత్తం బరువులో సగానికి పైగా ఉండాలి, రెండో స్టేజ్ గోడలా తగలాలి, ఆ గోడ దాటాక వేలు ఎక్కువ దూరం పోకూడదు. గోడ తగిలాక కూడా ట్రిగ్గర్ జారుతూ ఉంటే అది సెట్టింగ్ లోపం, రైఫిల్ లోపం కాదు. 1903, 1913 రెండిటిలో ఇది స్క్రూలతో సరిచేయొచ్చు. కాబట్టి ఆదివారం "ట్రిగ్గర్ నచ్చలేదు" అని రాసుకోకండి. "రెండో స్టేజ్‌లో జారుడు ఉంది" అని రాసుకోండి.

పది_పాయింట్_తొమ్మిది
అర్థమైంది, సీజెడ్ పక్కన పెడతాను. రెస్ట్ (ఇసుక సంచిలాంటి ఆనుడు) మీద పెట్టి కొట్టాలా, స్లింగ్ (చేతికి బిగించే పట్టీ)తో ప్రోన్‌లోనా, అంటే పడుకునా?

గాలిజెండా
రెస్ట్. ప్రోన్‌కు కొత్తవారైతే మీ గ్రూప్ 25, 30 మి.మీ. దాకా వెళ్తుంది, అందులో రైఫిళ్ల తేడా మునిగిపోతుంది.

కొండాపూర్_ప్రోన్
ఒప్పుకోను. ఆయన కొనబోయేది బెంచ్ మీద కొట్టడానికి కాదు కదా. .22లో తూటా బారెల్ దాటకముందే రైఫిల్ వెనక్కి కదలడం మొదలవుతుంది. ఎయిర్ రైఫిల్ పెల్లెట్ అర గ్రాము. ఇక్కడ తూటా 2.6 గ్రాములు, సెకనుకు 325 మీటర్ల దరిదాపులో పోతుంది. భుజం మీద బట్ ఎంత బలంగా ఆనింది, చెంప ఎంత నొక్కింది అన్నదాన్ని బట్టి గ్రూప్ చోటు మారుతుంది. ఇసుక సంచి మీద అందంగా కొట్టిన రైఫిల్ స్లింగ్ బిగించగానే పైకి ఎక్కేస్తుంది. అది రెస్ట్ మీద ఎప్పటికీ తెలియదు.

గాలిజెండా
రెండూ నిజమే, కానీ ప్రశ్నలు వేరు. రైఫిల్, తూటా జోడీ ఎంత బిగువుగా కొడుతుందో రెస్ట్ చెబుతుంది. ఆ రైఫిల్ ఈ మనిషికి పడుతుందా అన్నది ప్రోన్ చెబుతుంది. మొదటి గ్రూప్ రెస్ట్ మీద, రెండోది స్లింగ్‌తో కొట్టమందాం. రెస్ట్ మీద పెట్టేటప్పుడు మాత్రం ఫోరెండ్ (స్టాక్ ముందుభాగం) ఆనాలి, బారెల్ తగలకూడదు, ప్రతిసారీ అదే చోట ఆనాలి. టేప్ ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి. స్లింగ్‌లో ఎడమ ముంజేయి నేలతో చేసే కోణం 30 డిగ్రీలకు తగ్గితే రూల్ ఒప్పుకోదు, అలవాటు మొదటి రోజు నుంచే సరిగా పడనివ్వండి.

కొండాపూర్_ప్రోన్
అలాగైతే సరే.

ఫిట్ చూసేటప్పుడు ఇవి చూడండి. పడుకుని, కళ్లు మూసుకుని, రైఫిల్ భుజానికి తెచ్చి, తల చీక్‌పీస్ మీద వదిలేయండి. కళ్లు తెరిస్తే రియర్ సైట్ రంధ్రం మధ్యలో ఫ్రంట్ సైట్ కనబడాలి. తల ఎత్తాల్సి వస్తే చీక్‌పీస్ తక్కువైంది, మెడ నొక్కుకుంటే ఎక్కువైంది. కన్నుకీ రియర్ సైట్‌కీ మధ్య 5 నుంచి 8 సెం.మీ. చాలు. మరీ దగ్గరైతే తూటా పేలినప్పుడు రైఫిల్ వెనక్కి కదిలి సైట్ కనుబొమకు తగులుతుంది. మీ ఎత్తుకు 1913, కేకే300 రెండింట్లో బట్ బాగా లోపలికి జరపాల్సి రావచ్చు. అంత లోపలికి జరిగే చోటు ఉందా లేదా అన్నదే మొదట చూడాలి.

ఫ్రంట్ సైట్‌లో వేసే రింగ్ సైజు కూడా చూడండి. టార్గెట్ నల్ల వృత్తం 112.4 మి.మీ., దూరం 50 మీటర్లు. కంటికీ ఫ్రంట్ సైట్‌కీ మధ్య మీటరు ఉంటే ఆ నలుపు ఫ్రంట్ సైట్ దగ్గర 2.25 మి.మీ. అంత కనిపిస్తుంది. రింగ్ దానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి, అంటే 3.4 నుంచి పైకి. క్లబ్ రైఫిల్‌లో ఎవరో వదిలేసిన 2.8 రింగ్ ఉంటే నలుపు చుట్టూ తెల్ల అంచు సన్నబడి, మధ్యలో ఉందో లేదో కన్ను తేల్చుకోలేదు. ఆ తప్పు రైఫిల్ మీద పడుతుంది. మూడు రైఫిళ్లలోనూ ఒకే సైజు రింగ్ వేసి మొదలుపెట్టండి.

డాలస్_తెలుగోడు
ఇక్కడ రెంటల్ రేంజుల్లో సీజెడ్‌లు, రూగర్‌లే ఎక్కువ, అందరూ స్కోప్‌తోనే. ఎప్పుడైనా స్కోప్‌తో పరీక్షించేవాళ్ల కోసం: వంద గజాలకు పారలాక్స్ సెట్ చేసిన పెద్ద రైఫిల్ స్కోప్‌ను .22 మీద పెట్టకండి. 50 మీటర్ల దగ్గర తల కాస్త కదిలితే క్రాస్‌హెయిర్ కూడా టార్గెట్ మీద కదులుతుంది, రైఫిల్ మీద నింద పడుతుంది. ఇంకొకటి, ఇక్కడ చవగ్గా దొరికే హై వెలాసిటీ రౌండ్లు, ఉదాహరణకు 1235 ఎఫ్‌పీఎస్ (సెకనుకు అడుగులు) వాటితో, టార్గెట్ రైఫిల్‌ను అంచనా వేయకూడదు. శబ్ద వేగం పైన మొదలై దారిలో దాని కిందికి జారతాయి, ఆ దాటుడులో తూటా ఊగుతుంది. 1070 ఎఫ్‌పీఎస్ స్టాండర్డ్ వెలాసిటీయే సరైనది.

గాలిజెండా
ఆ వేగం సంగతి వచ్చింది కాబట్టి. రౌండ్‌కూ రౌండ్‌కూ వేగంలో సెకనుకు 10 మీటర్ల తేడా ఉంటే 50 మీటర్ల దగ్గర పైకీ కిందకీ 7, 8 మి.మీ. తేడా వస్తుంది. అడ్డంగా బిగువుగా, నిలువుగా సాగిన గ్రూప్ కనిపిస్తే ముందు తూటాను అనుమానించండి, ఆ తర్వాత ఊపిరిని. అడ్డంగా సాగితే గాలి. అడ్డగాలి సెకనుకు 1 మీటరు వీస్తే తూటా 6, 7 మి.మీ. పక్కకు పోతుంది. చెంపకు తెలిసీ తెలియనంత గాలి అది! పది రింగులో మీకున్న చోటు మొత్తం 8 మి.మీ.

జెండాలు చూసి ఒకే స్థితిలో మాత్రమే కొట్టండి. జెండా కిందికి వేలాడినప్పుడు కాదు, ఎక్కువసేపు నిలిచి ఉండే స్థితిలో. మన ఎండల్లో ఇంకో తంటా, నేల వేడికి గాలి మరిగి నల్ల వృత్తమే కదులుతున్నట్టు కనిపించడం. ఉదయం 9 దాటితే మొదలవుతుంది. అప్పుడు గురిపెట్టేది వృత్తాన్ని కాదు, దాని బొమ్మను. పొద్దున్నే మొదలుపెట్టండి.

మూడు రైఫిళ్లను ఒకటి, రెండు, మూడు అని కొట్టి ఆపకండి. మొదటి గ్రూపులు 1-2-3, రెండోవి 3-2-1. లేకపోతే చివరి రైఫిల్‌కు ఎండ, గాలి, అలసట మూడూ తగిలి అన్యాయం జరుగుతుంది.

విజయవాడ_22
తూటాల పెట్టెలు కార్లో వదలొద్దు. మే నెలలో డ్యాష్‌బోర్డు మీద మైనం కరిగి ఒక పక్కకు చేరుతుంది. చల్లారాక బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి, గ్రూప్ మాత్రం చెదిరిపోతుంది. ఎలీ పెట్టె చివర లాట్ (తయారీ విడత) నంబరు, వేగం ఎఫ్‌పీఎస్‌లో ముద్రించి ఉంటాయి, ఫొటో తీసుకోండి. నచ్చితే అదే లాట్ దొరకాలి. "ఎలీ టీమ్ బాగుంది" అన్న మాటకు ఇంకో లాట్‌లో విలువ లేదు.

ఒక ప్రశ్న నాది. రౌండ్ పేలకపోతే వెంటనే బోల్ట్ తీయొచ్చా?

బోల్ట్_తీసి_చూడు
వద్దు. బారెల్ టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు లెక్కపెట్టండి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. తర్వాత రేంజ్ ఆఫీసర్‌కు చెప్పి తీయండి. కారణం కనుక్కోవడానికి ఒక కిటుకు, ఆఫీసర్ ఒప్పుకుంటేనే: అదే రౌండ్‌ను తిప్పకుండా మళ్లీ కొడితే పేలిందా? అయితే ఛాంబర్ మురికి వల్ల మొదటిసారి పూర్తిగా కూర్చోలేదు, లేదా బోల్ట్‌లో నూనె గడ్డకట్టి పిన్ బలం తగ్గింది. తిప్పి పెడితేనే పేలిందంటే ఆ పక్క రిమ్‌లో మందు సరిగా పడలేదు, తప్పు తూటాది.

పేలని రౌండ్ కన్నా భయపడాల్సింది తక్కువ శబ్దంతో పేలిన రౌండ్. "టప్" అని మెల్లగా వినిపిస్తే తూటా బారెల్ మధ్యలో ఆగి ఉండొచ్చు. ఇంకోటి వేస్తే బారెల్ ఉబ్బుతుంది. ఆపి, బోల్ట్ తీసి, లోపలికి వెలుతురు చూడండి.

కొత్తవాళ్లు చేసే ఇంకో పని, మ్యాచ్ ఛాంబర్‌లో రౌండ్ పెట్టి మనసు మార్చుకోవడం. ఈ ఛాంబర్లలో తూటా ముందుభాగం రైఫ్లింగ్‌లోకి దిగి కూర్చుంటుంది. పేల్చకుండా బోల్ట్ లాగితే ఒక్కోసారి గుల్ల మాత్రమే వస్తుంది, తూటా లోపలే ఉండిపోతుంది, మందు యాక్షన్ అంతా ఒలుకుతుంది. ఆ రజను ట్రిగ్గర్‌లోకి పోతే ఆ పూట అయిపోయినట్టే. కాబట్టి కొట్టాలని నిశ్చయమయ్యాకే బోల్ట్ మూయండి.

పాత_ఎన్‌సీసీ
మధ్యలో శుభ్రం చేయాలా మరి? కేడెట్లతో మేం ప్రతిసారీ పుల్‌త్రూ (బారెల్ తుడిచే గుడ్డ కట్టిన తాడు) లాగించేవాళ్లం.

బోల్ట్_తీసి_చూడు
పరీక్ష మధ్యలో ముట్టుకోవద్దు. కడిగిన బారెల్ మొదటి పది పదిహేను రౌండ్లు ఎటు పడితే అటు పోతుంది, అంత తూటా మన దగ్గర లేదు. ముగించాక ఛాంబర్ వైపు నుంచే, బోర్ గైడ్ పెట్టి, పూత ఉన్న రాడ్‌తో, ఫెల్ట్ ముక్కలతో. మూతి వైపు నుంచి రాడ్ దూరిస్తే అక్కడి అంచు అరుగుతుంది, ఆ అంచే తూటా చివరగా తాకే చోటు. స్టీల్ బ్రష్ దగ్గరికి రానివ్వద్దు.

లైసెన్స్_ప్రశ్న
ఇవి ఇంటికి తెచ్చుకుని చూడొచ్చా?

కొండాపూర్_ప్రోన్
కుదరదు. 4.5 మి.మీ. ఎయిర్ రైఫిల్ 20 జౌళ్లలోపైతే లైసెన్స్ అక్కర్లేదు, .22 అలా కాదు. ఆయుధ లైసెన్స్ ఉండాల్సిందే. క్లబ్ రైఫిల్ క్లబ్‌లోనే, ఆఫీసర్ కళ్ల ముందే. సొంతంగా కావాలంటే 2016 ఆయుధ నియమాల్లో యాస్పైరింగ్ షూటర్, రినౌన్డ్ షాట్ అనే వర్గాలున్నాయి. స్కోర్లు, రాష్ట్ర సంఘం కాగితాలతో వెళ్లాలి. ఆ కథకు వేరే త్రెడ్ తెరవండి.

ఇంకోటి ఒరిజినల్ పోస్ట్ వారికి. కేవలం ప్రోన్ కోసమే రైఫిల్ ఎంచుకోవద్దు. 50 మీటర్ల ప్రోన్ 2016 రియో తర్వాత ఒలింపిక్స్‌లో లేదు. 2012 లండన్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో గగన్ నారంగ్ కాంస్యం అందరికీ గుర్తుంది. అదే ఒలింపిక్స్‌లో జయదీప్ కర్మాకర్ ప్రోన్‌లో నాలుగో స్థానంలో నిలిచిన సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇప్పుడున్నది త్రీ పొజిషనే, 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం అందులోనే. మోకాలు, ప్రోన్, నిలబడి, ఒక్కోదానికి 20 రౌండ్లు. కాబట్టి ఆదివారం ఒక్క రౌండ్ కూడా కాల్చకుండా మూడు రైఫిళ్లతోనూ పది నిమిషాలు నిలబడి చూడండి. పరిమితి 8 కిలోలు, మీ ఎయిర్ రైఫిల్ 5.5 లోపు. ఆ తేడా నడుముకు తెలుస్తుంది. ముందుభాగం బరువు ఎక్కువైతే ఎడమ భుజం ముందు అలిసిపోతుంది.

పది_పాయింట్_తొమ్మిది
అయితే ప్లాన్ ఇది. ఏడింటికి రేంజ్. బోల్ట్, ట్రిగ్గర్, బెడ్డింగ్ చూడటం, నిలబడి చూడటం. ఎస్‌కేతో మూడింటికి 33 చొప్పున, రెస్ట్ గ్రూపులు 1-2-3, స్లింగ్ గ్రూపులు 3-2-1. ఆ మూడింట్లో మెరుగ్గా తేలిన రెండు రైఫిళ్లకు ఎలీ టీమ్ 50 చొప్పున: 10 అలవాటుకు, నాలుగు పది-రౌండ్ల గ్రూపులు. సైట్ మధ్యకు రాకపోయినా పట్టించుకోను, గ్రూప్ ఆకారం, సగటు దూరం రాసుకుంటాను.

గాలిజెండా
బాగుంది. ఎలీకి మారేముందు ఆ రెండు రైఫిళ్ల ఎస్‌కే గ్రూపులను ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. సగటు దూరంలో తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లే అయితే అది తేడా కాదు, ఫిట్‌ను బట్టి తేల్చుకోండి.

బోల్ట్_తీసి_చూడు
చెవులకు మఫ్‌లు, కళ్లకు అద్దాలు, రైఫిల్ కింద పెట్టిన ప్రతిసారీ ఛాంబర్‌లో సేఫ్టీ ఫ్లాగ్. ముగిశాక సబ్బుతో చేతులు కడిగాకే టిఫిన్, సీసం ఉంటుంది. కేకే300 బట్ ప్లేట్, చీక్‌పీస్ కదిపే ముందు స్కేలు అంకెలు కనిపించేలా ఫొటో తీసుకోండి. అది ఎవరో ఒకరి సెట్టింగ్, సాయంత్రానికి మళ్లీ అక్కడికే తెచ్చి పెట్టాలి.